వరండాలో చదవాల్సిన పేర్లు

మా పక్కవీధి అమ్మాయి నర్సింగులో చేరింది. మొదటి సెలవుకే పుస్తకం చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చి, "అమ్మమ్మా, ఈ జబ్బుల పేర్లు సూత్తంటే నాకే జ్వరం వొచ్చేలా ఉంది. నువ్వెలా బట్టీ పట్టీసేవు?" అని అడిగింది. నేను బట్టీ పట్టలేదు. ఒకాయన నేర్పాడు. ఎలా నేర్పాడో చెప్తూ కూర్చుంటే పొద్దు గూట్లో పడింది, ఆ పిల్ల బస్సు తప్పిపోయింది. మళ్ళీ ఇంకో పిల్ల బస్సు తప్పకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

ఇందులో ప్రమోషన్లు, బదిలీలు, పెన్షను కోసం తిరగడాలు ఉండవు. అవి ఏ ఉద్యోగానికైనా ఒకటే. మంచం మీద పడుకున్న మనిషికీ, వాడి జబ్బుకి ఇంగ్లీషులో ఉన్న పొడుగాటి పేరుకీ మధ్య నర్సు నిలబడాలి. ఆ నిలబడ్డం గురించి మాత్రమే రాస్తాను.

తోక చూడు

మాది హరిశ్చంద్రపురం. నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆడపిల్ల నర్సు పనికి వెళ్తానంటే ఆ రోజుల్లో బంధువులు నాలుగు వీధుల అవతలి నుంచి కూడా వచ్చి ముక్కు మీద వేలేసుకునేవారు. నాన్న వాళ్ళందరికీ మంచినీళ్ళిచ్చి పంపించి, నన్ను విశాఖపట్నం బండి ఎక్కించాడు. ట్రైనింగు అయ్యాక, అరవైల చివర్లో, పలాసకీ టెక్కలికీ మధ్య రోడ్డు పక్కనున్న ఒక చిన్న ఆసుపత్రిలో చేరాను. పేరు చెప్పను, ఇప్పుడది లేదు. పెంకుటిల్లు, పొడుగాటి వరండా, రెండు వార్డులు, ఒక ఆపరేషను గది. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళూ, మందస వైపు రైతులూ, ఉద్దానంలో కొబ్బరీ జీడీ నమ్ముకున్నవాళ్ళూ మా దగ్గరికే వచ్చేవారు.

డాక్టరుగారు ఒక్కరే. అప్పటికి నలభై దాటి ఉంటాయి. చొక్కా మడత నలగదు, తెలుగు మాట్లాడినా పుస్తకం చదివినట్టు మాట్లాడేవారు. చెయ్యి చాలా మంచిది. ఇంగ్లీషు మాటలంటే మాత్రం ఆయనకి పిచ్చి. మా అత్తయ్య పట్టుచీరలు విప్పి చూసుకుని మళ్ళీ మడత పెట్టుకున్నట్టు ఆయన పొడుగు మాటలు విప్పి చూసుకునేవారు. నేను చేరిన మొదటి వారం ఒక కేసు కాగితం మీద పేరు చదవలేక నీళ్ళు నములుతుంటే, "పొడుగు చూసి భయపడకు అమ్మాయ్. ముందు తోక చూడు. తోక తెలిస్తే ఏ జాతో తెలుస్తుంది. తర్వాత తల చూడు. ఎక్కడ కాపురముంటుందో తెలుస్తుంది," అన్నారు.

అంతే చదువు. చివర ఐటిస్ అని ఉంటే వాపు. టాన్సిలైటిస్ గొంతులో గడ్డల వాపు, బ్రాంకైటిస్ ఊపిరి గొట్టాల వాపు, గాస్ట్రైటిస్ పొట్టలో వాపు, హెపటైటిస్ కాలేయం వాపు. చివర ఆల్జియా అని ఉంటే నొప్పి. నరాలదైతే న్యూరాల్జియా, కండలదైతే మయాల్జియా. చివర ఎమియా అని ఉంటే గొడవ రక్తంలో ఉంది. తగ్గితే అనీమియా, విషమెక్కితే సెప్టిసీమియా. చివర ఎక్టమీ అని ఉంటే కోసి తీసెయ్యడం. వీటన్నిట్లో ఆయనకి ముద్దొచ్చిన మాట కోలిసిస్టెక్టమీ. పిత్తాశయం తీసెయ్యడమని దానర్థం. మా ఆసుపత్రిలో ఆ ఆపరేషను చెయ్యనేలేదు గానీ ఆ మాట రోజూ వినపడేది.

నేను వీటికి నా పద్ధతిలో ఇంటిపేర్లు పెట్టుకున్నాను. మనకి ఇంటిపేరు ముందుంటుంది, ఇంగ్లీషు జబ్బులకి వెనకుంటుంది. ఐటిస్ వారు, ఆల్జియా వారు, ఎమియా వారు, ఎక్టమీ వారు. ఐటిస్ వారి పిల్లని ఎక్టమీ వారికిస్తారు. టాన్సిలైటిస్ ఆ ఇంటికి వెళ్ళి టాన్సిలెక్టమీ అవుతుంది. హెపటైటిస్ పిల్లకి మాత్రం ఆ సంబంధం కుదరదు, కాలేయం అంతా కోసి పారేస్తే మనిషి మిగలడు. ఈ సంగతి ఒకసారి డాక్టరుగారి దగ్గర నోరు జారాను. ఆయన నవ్వాపుకోలేక స్టెతస్కోపు చెవుల్లోంచి తీసేశారు. ఆ తర్వాత నన్ను "పెళ్ళిళ్ళ పేరమ్మా" అని పిలిచేవారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆయన పద్ధతిలో ఒకటే నాకు నచ్చేది కాదు. పొద్దున్న రౌండ్లకి వచ్చినప్పుడు ప్రతి మంచం దగ్గరా ఆగి, జబ్బు పేరు వార్డంతా వినపడేలా చెప్పి, "విప్పు" అనేవారు. మేం గట్టిగా తోకా తలా విప్పి అర్థం చెప్పాలి. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. తడబడితే మళ్ళీ మొదటి నుంచీ. మా పెద్ద సిస్టరు, జుట్టంతా నెరిసిన మనిషి, ఆ సమయానికి కావాలని బేసిన్లు కడుక్కుంటూ దూరంగా ఉండేది. ఆవిడ లెక్క ప్రకారం జబ్బులు రెండే, తగ్గేవి, తగ్గనివి. డాక్టరుగారిది చాదస్తం కాదు, నమ్మకం. తన జబ్బు పేరు వినే హక్కు రోగికుందని ఆయన నమ్మేవారు. చాటున గుసగుసలాడే డాక్టర్లంటే ఆయనకి మంట. నేను ఇప్పటికీ ఆ మాట తప్పనను.

పేరు కావాలన్నవాళ్ళు

నిజానికి పేరు అడిగి మరీ పుచ్చుకున్నవాళ్ళున్నారు. మందసలో భూములున్న కుటుంబం నుంచి ఒకావిడ కడుపులో మంటని వచ్చేది. మజ్జిగ తాగి, కారం తగ్గిస్తే పోయే మంట. డాక్టరుగారు గాస్ట్రైటిస్ అన్నారు. ఆ మాట పట్టుకెళ్ళి ఆవిడ పెళ్ళి పందిళ్ళలో, పేరంటాల్లో, కాసులపేరు వేసుకున్నట్టు వేసుకుని తిరిగింది. తర్వాత తోడికోడల్ని వెంటబెట్టుకొచ్చి, "దీనికీ అదేదో ఉందేమో సూడండి" అంది. తోడికోడలికి ఏమీ లేదు. పాపం ఎంత చిన్నబోయిందో.

నౌపడ మడుల్లో ఉప్పు తీసే సూరయ్య సంగతి వేరు. ఉప్పునీళ్ళలో నిలబడి నిలబడి వాడి కాళ్ళు మోకాళ్ళ దాకా పగిలి, పుండ్లు పడి, చూస్తేనే మనకి మంట పుట్టేలా ఉండేవి. నాలుగు రోజులు నీళ్ళలో దిగకుండా ఉంటే మానుతుంది. మేస్త్రీ ఒప్పుకోడు. "కాళ్ళు పగిలినాయంటే, నాకూ పగిలినాయిరా అంటన్నాడు. బాబూ, దీనికి మీ బాసలో పేరేటైనా ఉంటే సెప్పండి," అని సూరయ్య వరండాలో చతికిలబడ్డాడు. డాక్టరుగారు డెర్మటైటిస్ అన్నారు. తల డెర్మా అంటే చర్మం, తోక ఐటిస్. వాడు ఆ మాట గేటు దాకా వల్లించుకుంటూ వెళ్ళి, మర్చిపోయి, మళ్ళీ వెనక్కొచ్చాడు. మూడోసారికి నోటికొచ్చింది. పగిలిన కాళ్ళకివ్వని సెలవు మేస్త్రీ ఆ పేరుకిచ్చాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు గానీ, దిబ్బలో బతికేవాడికి ఆ పేరు గొప్పే ఒక్కోసారి ఆసరా అవుతుంది.

అందుకని, రోగి దగ్గర పేరు దాచమని నేను చెప్తున్నానని అనుకోకండి. అడిగినవాడికి చెప్పి తీరాలి. అడగని చోట ఏం చెయ్యాలో నాకు దాలమ్మ నేర్పింది.

పెంటయ్య

ఎండలు ముదురుతున్న రోజులు. ఉద్దానంలో సముద్రం వైపు పల్లె నుంచి ఎడ్లబండి వచ్చి మా వరండా ముందాగింది. బండిలో గడ్డి మీద ఒక కుర్రాడు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడున్నాడు. పేరు పెంటయ్య. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం వాడి పని. మీసాలొచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. పక్కన తల్లి దాలమ్మ, బండి తోలింది ఆవిడ తమ్ముడు. ముందురోజు బొడ్డు చుట్టూ నొప్పన్నాడట, తర్వాత అది కుడిపక్క కిందికి దిగిందట, వాంతులు, జ్వరం. బస్సులో కూర్చోలేనంటే బండి కట్టారు.

డాక్టరుగారు కుడిపక్క మెల్లిగా నొక్కి చటుక్కున చెయ్యి తీశారు. నొక్కినప్పటి కంటే తీసినప్పుడు వాడు ఎక్కువ అరిచాడు. సంగతి నాకూ అర్థమైంది. ఆలస్యం చెయ్యదగ్గ జబ్బు కాదది. పెద్ద సిస్టరు అప్పటికే ఆపరేషను గదిలో నీళ్ళు మరగబెట్టించడానికి వెళ్ళింది.

అలవాటు ఎక్కడికి పోతుంది? డాక్టరుగారు మంచం కాళ్ళ దగ్గర నిలబడి, "అక్యూట్ అపెండిసైటిస్. విప్పు అమ్మాయ్," అన్నారు. నేను విప్పాను. అక్యూట్ అంటే ఉన్నట్టుండి వచ్చింది, అపెండిక్స్ పెద్దపేగుకి వేలాడే చిన్న తోక, ఐటిస్ దాని వాపు. ఏం చెయ్యాలన్నారు. అపెండిసెక్టమీ అన్నాను. చెయ్యకపోతే? పెర్ఫొరేషన్, అది పగులుతుంది. పగిలితే? పెరిటొనైటిస్, కడుపంతా చీము. ఆ తర్వాత? సెప్టిసీమియా. ఆయన ప్రశ్న మీద ప్రశ్న, నేను పేరు మీద పేరు, ఒకదాని కంటే ఒకటి పొడుగు. నాకు అన్నీ వచ్చాయి. ఆయన ముఖంలో మెచ్చుకోలు కనబడింది.

దాలమ్మ ముఖం నేను అప్పుడు చూశాను. ఆవిడ ఏడవడం లేదు. కొడుకు వీపు కింద చెయ్యి పెట్టి లేవదీస్తోంది. తమ్ముడితో బండి కట్టమంది.

డాక్టరుగారు ముందు అర్థం చేసుకోలేదు. ఆపరేషనంటే భయపడుతోందనుకుని, ప్రాణానికి ముప్పని, బరంపురం పెద్దాసుపత్రి దాకా బండిలో తీసుకెళ్తే దారిలోనే పగులుతుందని చెప్పారు. ఆవిడ కదల్లేదు. గొంతు పెంచారు. ఆవిడ తగ్గలేదు. అప్పటికే తమ్ముడు ఎడ్లని విప్పి నీడకి కట్టి తవుడు కలిపి పెట్టాడు, మళ్ళీ కట్టడానికి వెళ్ళబోతున్నాడు. వార్డులో వాళ్ళంతా లేచి కూర్చున్నారు. చివరికి దాలమ్మే చెప్పింది.

"నాకు ముందు ముగ్గురు పోనారు బాబూ. ఈడు పుట్టగానే పెంట మీద పొర్లించి పెంటడని పేరెట్టేను. మంచి పేరెడితే దాని కంట పడతాడని. ఇన్నేళ్ళూ ఆ నీసమైన పేరు సాటునే దాసుకున్నాను. ఇప్పుడు మీరు ఆడి మంచం కాడ నిలబడి అంతంత పొడుగు పేర్లు సదివేరు. ఒకటి కాదు, వరసగా సదివేరు. దానికి ఆనవాలు తెలిసిపోనాది. ఇంక ఇక్కడ ఉంచను."

'అది' ఏమిటో ఆవిడ చెప్పలేదు. మా వైపు ఎవరూ చెప్పరు. అమ్మవారు పోస్తే కూడా జబ్బు పేరెత్తరు, తల్లి వచ్చిందంటారు.

తవుడు

డాక్టరుగారు వరండాలోకి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళి, పెంట మీద పొర్లించడం గురించి ఆయనకి తెలియదేమోనని చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపి, "తెలుసు" అన్నారు. ఎడ్ల ముందున్న తవుడు తొట్టె వైపు కాసేపు చూస్తూ నిలబడ్డారు. ఆ కుర్రాడి పేగు మన కోసం ఆగదు. ఈయనేమో ఎడ్లు మేత తినడం చూస్తున్నారు.

తర్వాత లోపలికొచ్చి, ఎప్పుడూ లేనిది, దాలమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఇస్త్రీ ప్యాంటుతోనే.

"అమ్మా, బయట బోర్డు మీదున్నది నా బడిపేరు. ఇంట్లో నా పేరు తవుడు. నాకు ముందు ఇద్దరు పోనారు. నాను పుట్టగానే మా యమ్మ మంత్రసానికి ఇచ్చీసింది. ఆవిడ సేటెడు తవుడు పోసి నన్ను కొనుక్కున్నాది. సచ్చిపోయేదాకా నన్ను నా కొడుకనే పిలిసింది."

పుస్తకం తెలుగు ఏమైందో తెలియదు. ఆయన నోట ఆ యాస వినడం అదే మొదటిసారి. బోర్డు మీద ఆయన పేరు ముందున్న మొదటి అక్షరం ఇంటిపేరని మేమంతా అనుకునేవాళ్ళం. అది తవిటయ్యలో, అంటే ఆ తవుడు పేరులోనే, మొదటి అక్షరమట. చదువుకున్నాక దాన్ని అంత చిన్నది చేసి మిగతా పేరు ముందు నిలబెట్టుకున్నారు. సిగ్గుపడి చేశారో, అందరూ చేసినట్టే చేశారో నేను అడగలేదు. ఆ క్షణంలో మాత్రం ఆయన మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

దాలమ్మ చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. అబద్ధమాడుతున్నాడా అని చూసిందనుకుంటాను. తర్వాత, "అయితే ఈడ్ని మీరు కొనుక్కోండి," అంది. "నా కొడుకైతే అది ఒగ్గదు. మీ కొడుకని తెలిస్తే ఎనక్కి పోద్ది."

ఇంత తొందరగా పనిచెయ్యగల డాక్టరుగారు అక్కడ తటపటాయించారు. ఎందుకో చేతులు కడుక్కునేటప్పుడు నాతో చెప్పారు. సొంతవాళ్ళ మీద కత్తి పెట్టకూడదని వాళ్ళ వృత్తిలో ఒక నియమం ఉంది. చెయ్యి వణుకుతుందని. మంచం మీద పెంటయ్యకి ఈ నియమాలేవీ పట్టలేదు. పళ్ళు బిగబట్టి, "బేగి అమ్మీయే అమ్మా, ఓర్సుకోలేకపోతన్నాను," అన్నాడు. అంత కంగారులోనూ వార్డులో ఎవరో కిసుక్కున నవ్వారు.

డాక్టరుగారు లేచి ఎనామిల్ ట్రే తీసుకుని బయటికెళ్ళారు. బండిలో ఎడ్ల కోసం తెచ్చిన తవుడు మూట ఉంది. తనే ట్రే నిండా ముంచుకొచ్చారు. దాలమ్మ కొంగు పట్టింది. ఆయన అందులో పోశారు. ఆవిడ కొంగు ముడేసుకుని, "పెంటడు నా గుంటడు కాడు. డాక్టరు బాబు కొడుకు," అని వార్డంతా వినపడేలా, డాక్టరుగారు జబ్బు పేర్లు చెప్పినంత గట్టిగా చెప్పింది. చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వరండాలోకి వెళ్ళిపోయింది. అమ్మాక అమ్మ కాదు కదా, మంచం దగ్గర ఉండకూడదు. ఆ నడక చూస్తే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆపరేషను గదిలో ఆయన ఎప్పటి కంటే ఎక్కువసేపు చేతులు కడుక్కున్నారు. వెన్నులో మత్తుసూది ఇచ్చాం కనక పెంటయ్య మెలకువగానే ఉన్నాడు. కడుపు తెరిస్తే పేగు తోక నల్లబడి, ఉబ్బి, ఇహనో ఇప్పుడో అన్నట్టుంది. రోజూ ఆ గదిలో కూడా మాటలు విప్పించే మనిషి ఆ రోజు కత్తెర, దారం తప్ప ఇంకో మాట అనలేదు. చెయ్యి వణకలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

కుట్లు వేస్తున్నప్పుడు పెంటయ్య నా వైపు తల తిప్పి, "నర్సమ్మా, దాని పేరేటి?" అన్నాడు. అమ్మ వద్దన్నది, వాడు అడుగుతున్నాడు. నేను డాక్టరుగారి వైపు చూశాను. ఆయన దారం ముడేస్తూనే, "పేరు నీకు తగ్గాక చెప్తానురా. దానికున్నది ఒక తోక. కోసి పారేశాను," అన్నారు. కుట్లు విప్పిన రోజు మాట ప్రకారం చెప్పారు కూడా. పెంటయ్య రెండుసార్లు పలికి, చెట్టెక్కేటప్పుడు అంత మాట మొయ్యలేనని అక్కడే వదిలేశాడు.

తీసుకెళ్ళే రోజు దాలమ్మ కొడుకుని తిరిగి అడగలేదు. అమ్మిన బిడ్డని అడగకూడదట. "మీ కొడుకుని మా ఇంటి కాడ ఉంచుకుంటాను బాబూ, కూడు పెడతాను," అని సెలవు పుచ్చుకుంది. మర్నాటి నుంచి రౌండ్ల పద్ధతి మారింది. మంచం దగ్గర డాక్టరుగారు నాడి చూసేవారు, నాలుక చూపించమనేవారు, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగేవారు. తర్వాత మమ్మల్ని వరండా చివరికి తీసుకెళ్ళి అక్కడ విప్పించేవారు. ఎవరికైనా తన జబ్బు పేరు కావాలంటే ఆయనే వెళ్ళి పక్కన కూర్చుని చెప్పేవారు. ఎందుకు మార్చారో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. పెద్ద సిస్టరు మాత్రం ఆ రోజు నుంచి బేసిన్లు వదిలేసి మాతో వరండాలోకి రావడం మొదలెట్టింది.

ఇప్పటి మాట

ఇప్పుడు ఉద్దానంలో ఏ ఇంటికెళ్ళినా, కిడ్నీలు పాడైతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అనే మాట తెలియని ముసలమ్మ లేదు. ఏ నర్సూ విప్పి చెప్పక్కర్లేదు, ఇంటింటా ఒకరిని పోగొట్టుకుని నేర్చుకున్న మాట అది. అక్కడి కుర్ర డాక్టర్లు స్కానింగు కాగితం మీద ఉన్నదంతా గడగడ చదివేసి వెళ్ళిపోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నిజం చెప్పడానికీ నిజం విసిరెయ్యడానికీ తేడా ఉంది. ఎదుటివాడి చెయ్యి చాపి ఉందో లేదో చూసి అందించాలి.

డాక్టరుగారి సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన పెద్దవారై, పని మానేసిన చాలా ఏళ్ళకి ఆసుపత్రి మంచం మీద పడ్డారు. నేను అప్పటికి మరో చోట పెద్ద సిస్టర్నయ్యాను. ఆయన్ని నా వార్డులోకే తెచ్చారు. చూసుకునే డాక్టరు కుర్రవాడు, తెలివైనవాడు. మంచం పక్కన నిలబడి, ఎదురుగా ఉన్నది డాక్టరే కదా అని, రిపోర్టు తీసి పేరు మొదలుపెట్టబోయాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్న మనిషి లేచి అడ్డం వచ్చాడు. నెరిసిన మీసాలు, పంచె, అరచేతుల్లో కొబ్బరి మానుల గరుకు. పెంటయ్య.

"బాబూ, ఇక్కడ సదవకండి," అన్నాడు. "వరండాలో సదవండి. నాను వింతాను."

కుర్ర డాక్టరు నా వైపు చూశాడు. నేను డాక్టరుగారి వైపు చూశాను. ఆ పేరు తోకా తలా నా కంటే, ఆ కుర్రాడి కంటే బాగా తెలిసిన మనిషి ఆయన. జబ్బు పేరు వినే హక్కు రోగికుందని మా అందరితో వాదించిన మనిషి. ఏమంటారోనని చూశాను. ఆయన కళ్ళు మూసుకుని, తల కొద్దిగా వరండా వైపు ఊపారు.

వరండాలో పేరు విని పెంటయ్య మా కంటే ముందే లోపలికెళ్ళాడు. మేం వచ్చేసరికి కండువా మూట విప్పి డాక్టరుగారి భార్య ముందు నిలబడి ఉన్నాడు. మూటలో తవుడు. "ఈరిని నాకు అమ్మీయండమ్మా," అంటున్నాడు. ఆవిడ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కొంగు పట్టారు. డాక్టరుగారు కళ్ళు తెరిచి, "ముసలి సరుకు కొంటన్నావురా, నట్టపోతావు," అన్నారు. పెంటయ్య నవ్వలేదు. కొంగులో తవుడంతా పోసి, మంచం పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు. డాక్టరుగారి భార్య కొంగు ముడేసుకుని, బెంచీ తీసుకెళ్ళి వరండాలో వేసుకున్నారు.

తవుడు ఈసారి పనిచెయ్యలేదు. వాన చినుకులు పడుతున్న ఒక మధ్యాహ్నం, చెయ్యి పెంటయ్య చేతిలో ఉండగా ఆయన వెళ్ళిపోయారు. అప్పటిదాకా ఆ జబ్బు పేరు ఆ మంచం దగ్గర ఎవరూ చదవలేదు. ప్రతి పొద్దునా నేనే అందర్నీ బయటికి తీసుకెళ్ళేదాన్ని. ఆయన నేర్పినట్టే, ముందు తోక, తర్వాత తల, వరండాలో నిలబడి మెల్లిగా చదువుకున్నాం.